రెండు డోసులూ అయ్యాయి, రూల్సూ ఒప్పుకున్నాయి... షికారుకి వెళ్లొచ్చా?

ప్రశ్న (2021, కోవిడ్ కాలం): ఇంట్లో నేను, మావారు, పదకొండేళ్ల పాప, ఏడేళ్ల బాబు, మా అత్తయ్య ఉంటాం. అత్తయ్యకి డెబ్భై రెండేళ్లు. చాలా ఏళ్లుగా షుగర్ ఉంది, ఈమధ్య ఆయాసం కూడా మొదలైంది. చెవులు సరిగ్గా వినపడవు. మావారి స్నేహితుల కుటుంబాలు రెండు, మేమూ కలిసి ఐదు రోజులు సముద్రతీరానికి వెళ్దామని ప్లాన్ వేశారు. విమానంలో వెళ్లడం, అందరం ఒకే హోటల్లో దిగడం. వెళ్లే పెద్దవాళ్లందరికీ కోవిడ్ టీకా రెండు డోసులూ అయ్యాయి, కేసులు తగ్గాయి, ఆంక్షలు ఎత్తేశారు, ఇంకా ఎన్నాళ్లు ఇంట్లో కూర్చుంటాం అంటారు మావారు. ఆ ఐదు రోజులూ మా ఆడపడుచు వచ్చి అత్తయ్యని చూసుకుంటానంది. నిజం చెప్పాలంటే నాకూ వెళ్లాలనే ఉంది. జనం ఆస్పత్రుల చుట్టూ తిరుగుతుంటే మనకి షికార్లేమిటని సిగ్గుగానూ ఉంది. వద్దంటే అందరి ఉత్సాహం మీద నీళ్లు చల్లినదాన్ని నేనే అవుతాను. ఆదివారంలోగా డబ్బు కట్టాలి. వెళ్లొచ్చా, వద్దా? ఏదో ఒకటి తేల్చి చెప్పండి.

జవాబు: తేల్చి చెప్పమన్నారు కాబట్టి మొదట అదే చెప్తాను. మీ ప్లాన్ ఉన్నది ఉన్నట్టుగా అయితే వద్దు. కొన్ని మార్పులు చేసుకోగలిగితే వెళ్లి రండి.

ఆ మార్పుల కంటే ముందు మీ సిగ్గు సంగతి. ఏడాదిన్నరగా పిల్లల ఆన్‌లైన్ క్లాసులు, అత్తయ్యగారి మందులు, ఇంటిల్లిపాది టెన్షన్లూ నెత్తిన వేసుకున్న మనిషికి నాలుగు రోజులు గాలి మార్పు కావాలనిపించడంలో తప్పేముంది? ఎక్కడో ఎవరో ఆస్పత్రిలో ఉన్నారని మీరు ఇంట్లో దిగులుగా కూర్చుంటే వాళ్లకి ఒరిగేదేమీ లేదు. మీ ప్రయాణం వల్ల ఇంకొకరు ఆస్పత్రి పాలయ్యే అవకాశం ఎంత పెరుగుతుంది, దాన్ని తగ్గించడం మీ చేతుల్లో ఉందా అన్నదే చూడాలి. సిగ్గుపడి మానుకున్నవాళ్లు వచ్చే నెల ఇంకెవరో పిలవగానే ఆ సిగ్గు మరిచిపోయి బయల్దేరతారు. లెక్క వేసుకుని మానుకున్నవాళ్లు అలా చెయ్యరు.

ఇక అసలు విషయం. అత్తయ్యగారిని ఆ ఐదు రోజులూ ఎవరు చూసుకుంటారో రాశారు. మీరు తిరిగొచ్చాక, ఆరో రోజు నుంచి ఏమిటన్నది రాయలేదు. ఆడపడుచుగారు జాగ్రత్త గల మనిషైతే, మీరు ఊళ్లో లేనన్నాళ్లూ అత్తయ్యగారికి పెద్దగా భయం లేదు. మీరు సూట్‌కేసులతో గుమ్మంలో అడుగుపెట్టిన దగ్గర్నుంచే మొదలవుతుంది.

ఆ సాయంత్రం ఎలా ఉంటుందో ఊహించుకోండి. చెప్పులు విప్పీ విప్పకముందే పిల్లలు నానమ్మ గదిలోకి పరిగెడతారు. బాబు మంచమెక్కి పక్కన చేరతాడు. పాప ఫోన్లో ఫొటోలు ఒక్కొక్కటే జరుపుతూ చూపిస్తుంది. ఆవిడకి వినపడదు కాబట్టి చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్తారు. ఆయాసం మనిషి కాబట్టి చల్లగాలి తగలకుండా కిటికీ మూసే ఉంటుంది. గట్టిగా మాట్లాడేటప్పుడు మామూలు కంటే ఎక్కువ తుంపరలు వస్తాయి. వాటితో పాటు కంటికి కనపడని సన్నటి కణాలూ వస్తాయి, మూసిన గదిలో అవి చాలాసేపు గాల్లోనే ఉండిపోతాయి. మీ హోటల్లోనో విమానంలోనో పిల్లల్లో ఒకరికి అంటుకుని ఉంటే, అది ఇల్లు చేరి ఆవిడ ఊపిరితిత్తుల్లోకి వెళ్లడానికి ఆ పావుగంట చాలు. ఇందులో తప్పు చేసినవాళ్లు ఎవరూ ఉండరు. పిల్లలకి ఒళ్లు వెచ్చబడి కూడా ఉండదు.

ఎందుకు ఉండదంటే, వైరస్ ఒంట్లోకి వచ్చాక లక్షణాలు కనపడటానికి చాలామందిలో నాలుగైదు రోజులు పడుతుంది. కొందరిలో 14 రోజుల దాకా పట్టొచ్చు. లక్షణాలు కనపడటానికి రెండు రోజుల ముందు నుంచే ఇతరులకి అంటించగలరు. కొందరికైతే, ముఖ్యంగా పిల్లలకి, లక్షణాలే రాకుండా పోతాయి. టూర్ చివరి రోజున అంటుకున్న వైరస్ ఇంటికొచ్చిన మూడో రోజుకో నాలుగో రోజుకో పూర్తిగా చురుగ్గా ఉంటుంది, సరిగ్గా అందరూ "హమ్మయ్య, ఏమీ కాలేదు" అనుకుని బిగువు సడలించే సమయానికి. తిరుగు ప్రయాణానికి ముందు హోటల్ దగ్గర చేయించుకునే పరీక్ష కూడా దీనికి అడ్డు కాదు. ముక్కులో పుల్ల పెట్టిన ఆ పూటకి ఏమీ కనపడలేదని మాత్రమే అది చెప్తుంది.

కాబట్టి మీది ఐదు రోజుల టూర్ కాదు. ఐదు రోజులు, ఆ తర్వాత అత్తయ్యగారికి దూరంగా ఉండాల్సిన రోజులు కలిపి చూసుకోవాలి. టీకా వేయించుకోని ప్రయాణికులకి అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2021లో చెప్పిన లెక్క ఇది: తిరిగొచ్చాక 3 నుంచి 5 రోజుల మధ్య పరీక్ష చేయించుకోవాలి, నెగెటివ్ వచ్చినా 7 రోజులు విడిగా ఉండాలి, పరీక్ష చేయించుకోకపోతే 10 రోజులు. 2021లో మన దగ్గర పన్నెండేళ్ల లోపు పిల్లలకి టీకా రాలేదు కాబట్టి మీ పిల్లలిద్దరూ ఆ కోవలోకే వస్తారు. ఒకే ఇంట్లో ఉంటూ ఏడేళ్ల పిల్లాణ్ని వారం రోజులు నానమ్మ గదిలోకి వెళ్లకుండా ఆపగలరా? మీరే చెప్పాలి. నన్నడిగితే, కష్టం.

మీవారి మాటల్లో ఒక్కొక్కటీ తీసుకుందాం, ఎందుకంటే అవి కొట్టిపారేసేవి కావు.

రూల్స్ ఒప్పుకున్నాయి కదా అంటున్నారు. ఆంక్షలు పెట్టేటప్పుడైనా, ఎత్తేసేటప్పుడైనా ప్రభుత్వాలు చూసేది ఆస్పత్రుల్లో పడకలు ఎన్ని ఖాళీగా ఉన్నాయి, ఎంతమంది ఉపాధి పోయింది అన్నవి. ఫలానా ఇంట్లో ఆయాసంతో ఒక పెద్దావిడ ఉందన్నది వాళ్ల లెక్కలోకి రాదు, రాకపోవడం సహజం. అనుమతికీ భద్రతకీ ఎంత దూరం ఉండగలదో చూడాలంటే వందేళ్ల వెనక్కి వెళ్లాలి. 1918 నవంబరు 7న న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ నుంచి తలూన్ అనే ఓడ పసిఫిక్ సముద్రంలోని పశ్చిమ సమోవా దీవులకి వచ్చింది. అందులో ఫ్లూ రోగులున్నారు. అయినా అధికారులు దిగనిచ్చారు. కొద్ది నెలల్లో ఆ దీవుల జనాభాలో దాదాపు ఐదో వంతు చనిపోయారు. పక్కనే ఉన్న అమెరికన్ సమోవాలో గవర్నర్ ఓడల రాకని కట్టుదిట్టం చేశాడు, అక్కడ ఆ ఫ్లూతో ఒక్కరూ పోలేదు. ఇప్పటి జబ్బు అంతటిది కాదు, మీ టూర్ ఆ ఓడా కాదు. "దిగొచ్చు" అని ఎవరో కాగితం మీద సంతకం పెట్టినంత మాత్రాన ఓడలో ఉన్న జబ్బు మనుషులతో పాటు ఒడ్డుకి రాకుండా ఆగదు, అంతవరకే నేను చెప్పేది.

రెండు డోసులు అయ్యాయన్న మాట దీనికంటే గట్టిది. టీకా నిజంగా పనిచేస్తోంది. కాకపోతే ఎవరికి పనిచేస్తోందన్నది చూడాలి. 2021 జులైలో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, ప్రావిన్స్‌టౌన్ అనే సముద్రతీరపు విహారస్థలంలో వేసవి సంబరాలకి వేలమంది చేరారు. తర్వాత ఆ రాష్ట్రవాసుల్లోనే 469 మందికి కోవిడ్ బయటపడింది. వాళ్లలో సుమారు నాలుగింట మూడు వంతుల మంది టీకా పూర్తిగా వేయించుకున్నవాళ్లే. అదే సమయంలో ఆస్పత్రిలో చేరినవాళ్లు ఐదుగురే, చనిపోయినవాళ్లు ఎవరూ లేరు. ఈ రెండు ముక్కల్నీ కలిపి చదవాలి. మీకూ మీవారికీ వస్తే బహుశా నాలుగు రోజుల జ్వరంతో పోతుంది. కానీ మీ ద్వారా ఇంకొకరికి వెళ్లకుండా టీకా పూర్తిగా ఆపలేదు. ఆ ఇంకొకరికి డెబ్భై రెండేళ్లు, షుగరు, ఆయాసం. ఆవిడకీ టీకా వేయించే ఉంటారు, వేయించకపోతే టూర్ మాట పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి. వేయించినా ఆ వయసులో, ఆ జబ్బులతో రక్షణ మీకున్నంత ఉండదు.

ఇంకెన్నాళ్లు కూర్చుంటాం అన్న ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబు లేదు, ఆ విసుగు నాకూ ఉంది.

ఇక దారి. చాలామంది విమానానికి భయపడి హోటల్లో నిశ్చింతగా ఉంటారు. నా దృష్టిలో అది తిరగబడిన భయం. విమానం గాల్లో ఉన్నప్పుడు లోపలి గాలి కొద్ది నిమిషాలకోసారి మారుతుంది, తిరిగి వదిలే గాలిని సన్నటి కణాల్ని కూడా పట్టే హెపా ఫిల్టర్లు వడకడతాయి. అలాగని ఏమీ కాదనీ కాదు. 2020 మార్చి 2న లండన్ నుంచి హనోయ్ చేరిన విమానంలో దగ్గుతో ఉన్న ఒక్క ప్రయాణికురాలి నుంచి ఇంకో 15 మందికి అంటుకున్నట్టు తేల్చారు. వాళ్లలో 12 మంది ఆమెతో పాటు బిజినెస్ క్లాసులో కూర్చున్నవాళ్లు. అది పది గంటల ప్రయాణం, అప్పటికింకా మాస్కు తప్పనిసరి కాలేదు. రెండు గంటల ప్రయాణంలో మంచి మాస్కు తీయకుండా కూర్చుంటే ఆ ముప్పు బాగా తగ్గుతుంది. సెక్యూరిటీ క్యూలో, విమానం దాకా తీసుకెళ్లే బస్సులో, దిగేటప్పుడు నడవాలో భుజాలు రాసుకుంటూ నిలబడినప్పుడు ఆ గాలి మార్పిడీ ఉండదు, ఫిల్టర్లూ ఉండవు. అక్కడ మాస్కు ముక్కు కిందికి జారకుండా చూసుకోవాలి.

అంతకంటే పెద్ద చిక్కు హోటల్ డైనింగ్ హాల్. మూడు కుటుంబాలు, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, ఏసీ గది, బల్లలు కలిపి వేయించుకుని గంటల తరబడి కబుర్లు, నవ్వులు. మాస్కు పెట్టుకుని తినలేం కదా. 2020 జనవరిలో చైనాలోని గ్వాంగ్‌జౌలో కిటికీల్లేని ఒక రెస్టారెంట్లో పక్కపక్క బల్లల దగ్గర మధ్యాహ్న భోజనం చేసిన మూడు కుటుంబాల్లో పది మందికి జబ్బు వచ్చింది. అది మొదట ఒక్కరితో వచ్చిందే. ఏసీ గాలి ఆ మూడు బల్లల మధ్యే తిరుగుతూ మోసుకెళ్లిందని ఆ కేసుని పరిశీలించినవాళ్లు చెప్పారు. ఆ కుటుంబాలు ఒకరికొకరు కనీసం పరిచయం లేనివాళ్లు. మీరు పరిచయం ఉన్నవాళ్లు, పక్కపక్కనే ఐదు రోజులు. ఇసుక మీద, నీళ్ల ఒడ్డున గాలి ఆడేచోట ఎంతసేపు ఉన్నా నాకు పెద్ద అభ్యంతరం లేదు. మూసిన గదిలో కలిసి తినడం, కలిసి పేకాడటం, ఒకే వ్యానులో అద్దాలు ఎత్తేసుకుని ఊరంతా తిరగడం, ఇవి మానేయాలి. చిత్రమేమిటంటే స్నేహితులతో టూర్ అంటే సాధారణంగా ఇవే.

మీవారు బహుశా అనుకోని సంగతి ఇంకొకటి ఉంది. అక్కడికి వెళ్లాక మూడో రోజు మీలో ఒకరికి పాజిటివ్ వస్తే? హోటల్ వాళ్లు ఉండనిస్తారో, ఖాళీ చెయ్యమంటారో. ఉండనిచ్చినా ఒకే గదిలో నలుగురు, ఒకరు జబ్బుతో. తిరుగు టికెట్లు పోతాయి. తెలిసి తెలిసి పాజిటివ్ మనిషిని విమానం ఎక్కించకూడదు, ఎక్కించేవాళ్లు ఉన్నారని నాకు తెలుసు, మీరు ఆ పని చెయ్యకండి. మీవారి సెలవు అయిపోతుంది. ఇంటి దగ్గర ఆడపడుచుగారు ఐదు రోజులకని వచ్చి పదిహేను రోజులు ఇరుక్కుపోతారు. పైగా విహారస్థలాల్లో ఆస్పత్రులు అక్కడ కాపురముండేవాళ్లకి సరిపడానే కడతారు, వచ్చిపోయే జనానికి కాదు. 2020 మార్చిలో నార్వే ప్రభుత్వం ఈ కారణంతోనే జనాన్ని సొంత ఊరి పరిధి దాటి ఉన్న తమ సొంత విడిది ఇళ్లలో కూడా రాత్రి ఉండొద్దంది. కొండల్లో చిన్న ఊళ్ల మీద, అక్కడి కొద్దిమంది డాక్టర్ల మీద బరువు పడకూడదని. సొంత ఇంటికే వెళ్లొద్దనడం అప్పట్లో చాలామందికి కోపం తెప్పించి ఉంటుంది, కానీ అందులో న్యాయం ఉంది. వెళ్లే ఊళ్లో పడకలు ఖాళీ ఉన్నాయా అన్నది మీ ఊళ్లో కేసులు తగ్గాయా అన్నంత ముఖ్యం. రెండూ చూడండి.

విహారయాత్రల మీద బతికేవాళ్ల మాటేమిటని ఎవరైనా అంటే అదీ నిజమే. 2020లో ప్రపంచమంతటా దేశాల మధ్య పర్యాటకుల రాకపోకలు అంతకు ముందు ఏడాదితో పోలిస్తే 70 శాతానికి పైగా పడిపోయాయి. గదులు సర్దేవాళ్లు, డ్రైవర్లు, గైడ్లు ఎన్ని నెలలు ఖాళీగా ఉన్నారో. వాళ్లకి మీ డబ్బు కావాలి, మీ వైరస్ అక్కర్లేదు. బుకింగ్ రద్దు చేసి డబ్బు వెనక్కి లాక్కునే బదులు తేదీ ముందుకి జరుపుకుంటే వాళ్ల పని నిలబడుతుంది, మీ టూరూ మిగులుతుంది.

ఎలా అయితే వెళ్లొచ్చో ఇప్పుడు చెప్తాను. నా మనసుకి బాగా నచ్చేది ఇది: మీరు నలుగురే, సొంత కారులో, ఒక పూటలో చేరగలిగినంత దూరం, విడిగా ఉండే చిన్న బస, రెండు రాత్రులు. భోజనం గదికి తెప్పించుకోండి, లేదా ఆరుబయట తినండి. స్నేహితుల కుటుంబాలు కూడా అక్కడికే వచ్చి వేరే బసలో దిగితే పగలంతా ఒడ్డున కలవొచ్చు, చీకటి పడ్డాక ఎవరి గూటికి వాళ్లు. ఇందులో గొప్ప హంగు ఏమీ లేదు. అయినా పిల్లలకి సముద్రం సముద్రమే, విమానంలో వెళ్తే ఒక రకంగా, కారులో వెళ్తే ఇంకో రకంగా ఉండదు.

ఆ తర్వాతి వారం రోజుల ఏర్పాటు బయల్దేరడానికి ముందే చేసుకోవాలి, వచ్చాక చూద్దాంలే అనుకుంటే జరగదు. అన్నిటికంటే సులువు అత్తయ్యగారే ఆ వారం కూతురింటికి వెళ్లి ఉండటం. ఆవిడకి మార్పు, మీకు నిశ్చింత. అలా కుదరకపోతే ఇంట్లోనే ఆవిడకి వేరే గది, వీలైతే వేరే బాత్‌రూమ్, కిటికీ తెరిచి పెట్టడం. అన్నం, మందులు ఇచ్చేటప్పుడు మీరు మాస్కుతో వెళ్లి రావడం. పిల్లలు గుమ్మం దగ్గర నుంచే పలకరించాలి. వినపడదు కాబట్టి ఫొటోలు ఆవిడ ఫోనుకే పంపించి, వీడియో కాల్లో కబుర్లు చెప్పించండి. ఒకే ఇంట్లో వీడియో కాలేమిటని నవ్వుకుంటారు, నవ్వుకోనివ్వండి. ఐదో రోజు నలుగురూ పరీక్ష చేయించుకోండి. ఈలోగా ఎవరికైనా గొంతు గరగరమన్నా, ఒళ్లు నొప్పులన్నా, వాసన తెలియకపోయినా అది ఏసీ వల్లో నీళ్ల మార్పు వల్లో అని సర్దిచెప్పుకోకండి. ఆ రోజే పరీక్ష, ఆ రోజు నుంచే దూరం మళ్లీ మొదలు.

ఇదంతా చదివి "ఇంత తతంగం ఎవరు పడతారు, మానేస్తే పోలే" అనిపిస్తే, మానేయండి. అది కూడా సరైన జవాబే. తతంగం లేకుండా వెళ్లొస్తాం అన్నదొక్కటే నాకు సమ్మతం కాదు.

నీళ్లు చల్లినదాన్నవుతాను అని భయపడ్డారు. స్నేహితులతో మీవారి చేతే చెప్పించండి, అది ఆయన తల్లి విషయం. "మా అమ్మకి ఆయాసం, విమానం టూర్ మాకు కుదరదు, కారులో దగ్గర్లోకి అయితే వస్తాం" అని సూటిగా ఒక్క మాట. దానికి నొచ్చుకునే స్నేహితుడు ఉంటాడని నేను అనుకోను. వాళ్లిళ్లలోనూ పెద్దవాళ్లు ఉండి ఉంటారు. ఎవరైనా ముందు అంటే బాగుండునని వాళ్లూ ఎదురుచూస్తున్నారేమో, ఎవరికి తెలుసు. మీవారితో మాట్లాడేటప్పుడు మాత్రం కేసులు, శాతాలు, వార్తలు తీయకండి, వాదన పెరుగుతుంది. "తిరిగొచ్చాక వారం రోజులు అమ్మ ఎక్కడ ఉంటారు?" అని అడిగి ఊరుకోండి. ఆయన దగ్గర మంచి జవాబు ఉంటే మీరు సగం బయల్దేరినట్టే.

ఇంతా రాశారు గానీ, ఈ విషయం అత్తయ్యగారికి తెలుసో లేదో ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆవిడ పేరు మీద మీరు ఆగాలా వద్దా అని ఆలోచిస్తున్నారు, మీవారు వెళ్దామంటున్నారు, ఆడపడుచు రోజులు సర్దుకున్నారు. ముప్పు మోసే మనిషిని ఎవరూ అడిగినట్టు లేదు. ఆవిడ "నా కోసం పిల్లల్ని కట్టి పడేయకండి, వెళ్లి రండి" అంటారేమో. పెద్దవాళ్లు చాలామంది అలాగే అంటారు, మొహమాటానికి కూడా అంటారు. అందుకని ఊరికే "వెళ్లమంటారా" అని అడగకండి. తిరిగొచ్చాక వారం రోజులు పిల్లలు మీ దగ్గరికి రారు, మీరు కూతురింట్లో ఉండాలి లేదా విడిగా గదిలో ఉండాలి, ఇది మీకు ఇష్టమేనా అని అంతా విప్పి చెప్పి అడగండి. వినపడేలా, కాస్త దూరంగా కూర్చుని. ఆవిడకి కూతురింటికి వెళ్లాలని ఎప్పట్నుంచో ఉందేమో కూడా అప్పుడు తెలుస్తుంది.

ఆదివారానికి ఇంకా సమయం ఉంది. డబ్బు కట్టేముందు హోటల్‌కి ఫోన్ చేసి, ప్రయాణానికి ఎన్ని రోజుల ముందు వరకు తేదీ మార్చుకోవచ్చో, ఇంట్లో ఎవరికైనా పాజిటివ్ వస్తే కట్టిన డబ్బు ఏమవుతుందో కనుక్కోండి. నోటి మాటగా వద్దు, మెయిల్‌లో పంపమనండి. టికెట్ల సంగతీ అంతే. మార్చుకునే వీలు లేదంటే, ఎంత తక్కువకి ఇస్తామన్నా కట్టకండి.